అన్నయ్య బండి అమ్మేశాను

మా చిన్నప్పుడు... సాయంత్రమైతే మా ఇంటి ఎదురుగా ఖాళీ స్థలంలో ఒక మోటార్ సైకిల్ కుదుపుతూ కదిలేది, నాలుగడుగులు వేసి ఆగిపోయేది, మళ్ళీ కదిలేది...

తణుకులో చెరుకు బళ్ళు ఆగే స్థలం అది. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ లేని రోజుల్లో బోసిగా ఉండేది. అక్కడే మా అన్నయ్య బాబ్జీ వీధిలో వాళ్ళందరికీ బండి నేర్పేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్న వంద సీసీ బండి. బరువు తక్కువ. పడిపోయినా ఒక్కరే లేపుకోవచ్చు. అందుకే నేర్చుకోవాలనుకున్న ప్రతివాళ్ళూ మా ఇంటికే వచ్చేవారు. పోస్టుమాస్టరు గారు, కిరాణా కొట్టు సుబ్బారావు గారు, ఆఖరికి మా లెక్కల మేష్టారు కూడా...

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అరుగు మీద కూర్చుని మరమరాలు తింటూ చూస్తుండేదాన్ని.

"క్లచ్ ఒక్కసారే వదలకండి. ఇంట్లో పసిపిల్లాడు పడుకున్నాడు, తలుపు వేస్తున్నారు... అంత మెల్లగా" అనేవాడు అన్నయ్య. "చక్రం కేసి చూడకండి. ఎక్కడికెళ్ళాలో అక్కడికే చూడండి."

రోజూ అవే మాటలు. విసుక్కునేవాడు కాదు.

పదో తరగతిలో ఉండగా నేనూ నేర్చుకుంటానని అడిగాను. నవ్వాడు. "నీకెందుకే... ఎక్కడికెళ్ళాలన్నా నేను దింపుతాగా."

నిజంగానే దింపాడు. కాలేజీకి, పరీక్షలకి, పెళ్ళిచూపుల చీర కొనడానికి. పెళ్ళైన నాలుగేళ్ళకే మా ఆయన పోతే నన్ను తిరిగి ఇంటికి తీసుకొచ్చిందీ ఆ బండి మీదే. తరవాత పాతికేళ్ళు, నేను పనిచేసే స్కూలుకి రోజూ... తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనూ అడగలేదు. అడగాల్సింది.

పోయినేడాది అన్నయ్య గుండెపోటుతో పోయాడు.

బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. నేను ఆటోల్లో తిరుగుతున్నాను. మొన్న మెకానిక్‌ని పిలిచి బాగు చేయించి, ఫోన్‌లో ప్రకటన పెట్టాను. 'చిన్న బండి. బరువు తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బాగుంటుంది.' అంతే రాశాను. పాత ఇనుము కొనేవాళ్ళు ఫోన్ చేశారు. ఇవ్వనన్నాను.

తరవాత మొగల్తూరు నుంచి ఒకావిడ చేసింది. పేరు సత్యవతి. చేపలమ్ముతుందట. ఆదివారం భర్తతో బస్సులో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నేత చీర, చెంగు బిగించి నడుముకి దోపుకుంది.

"ఆయనకి అనుకున్నాను" అన్నాను.

"నాకేనండి. ఈయన వేటకెళ్తే నాలుగు రోజులకి గానీ రాడు. ఊళ్ళంట తిరగాలంటే ఆటో ఎక్కాలండి. ఆటోవాడు వచ్చేసరికి సరుకు మెత్తబడిపోతంది."

"మరి బండి వచ్చా?"

"రాదండి. నేర్చుకుందారనే. ఇది నేర్చుకునేవాళ్ళకని మీరే రాసేరు కదండి."

ఆమె భర్త మెట్ల మీద కూర్చుని నవ్వాడు. "నేను నేర్పితే ఇద్దరం తిట్టుకుంటామండి. మీ బండి కదా, మీరే రెండు ముక్కలు చెప్పండి."

నాకు రాదని చెప్పబోయాను... సత్యవతి అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. వీధిలోనే, సిమెంటు రోడ్డు మీద మొదలుపెట్టింది. కిక్ కొట్టింది. క్లచ్ వదిలింది. బండి ఒక్క ఉదుటున దూకి ఆగిపోయింది.

"ఒక్కసారే వదలకు" అన్నాను. "ఇంట్లో పసిపిల్లాడు పడుకున్నాడు, తలుపు వేస్తున్నావు... అంత మెల్లగా."

మళ్ళీ కొట్టింది. ఈసారి కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను.

"చక్రం కేసి చూడకు. ఎక్కడికెళ్ళాలో అక్కడికే చూడు."

'మీరు' అనాల్సినదాన్ని 'నువ్వు' అంటున్నానని అప్పుడు తెలిసింది. ఆమె పట్టించుకోలేదు. నడక పరుగైంది, పరుగు చాలలేదు... సత్యవతి వీధి చివరిదాకా వెళ్ళి కాళ్ళు ఆనించి, తిప్పుకుని వచ్చింది. ముఖమంతా చెమట, నవ్వు.

"మీరు బాగా చెప్తారు మేడంగారు. ఎన్నేళ్ళు నడిపేరండి?"

"నేనెప్పుడూ నడపలేదమ్మా. వెనక కూర్చునేదాన్ని."

ఆమె ఒక్క క్షణం నన్నే చూసి బండి దిగింది. "అయితే ఇప్పుడు ఎక్కండి. నేను పట్టుకుంటాను."

"చీర కట్టుకున్నాను కదా" అన్నాను.

అన్నాక చూస్తే ఆమె కూడా చీరలోనే ఉంది... కాగితాలు తెస్తానని లోపలికి వెళ్ళాను.

కాగితాల మీద సంతకాలయ్యాయి. కాఫీ ఇచ్చాను. భర్త నడుపుతుంటే సత్యవతి వెనక కూర్చుని, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. లోపలికి వచ్చి గ్లాసులు కడిగాను. ఆ పూట ఇంక చేయడానికి ఏమీ కనిపించలేదు.

ఆరు కాకుండానే ఫోన్ మోగింది.

"మేడంగారు, ఇంటికి వచ్చేసేమండి. కంగారు పడతారని చేసేను."

"సరేనమ్మా" అని పెట్టేశాను. ఫోన్ చేతిలోనే ఉంది, చాలాసేపు... 'వచ్చేశాం' అని నాకు ఎవరైనా చెప్పి ఏడాది దాటింది. అంతకుముందు రోజూ వినేదాన్ని. అన్నయ్య డ్యూటీ నుంచి వస్తూ గేటు దగ్గర నుంచే 'వచ్చేశా' అని అరిచేవాడు.

ఇప్పుడు మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ రెండేసి బళ్ళున్నాయి. ఎవరికి ఎవరు నేర్పారో తెలియదు. ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో, ఎప్పుడు వస్తున్నారో కూడా తెలియదు...

మీకు మొదట బండి నేర్పిందెవరు? వాళ్ళ పేరు, ఊరు కింద రాయండి. ఏమని చెప్పి నేర్పారో గుర్తుంటే అదీ రాయండి. ఎంత పొడుగైనా సరే... నాకు తీరికే, ఒక్కొక్కటీ చదువుకుంటాను.