పోయిన గరగర

సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజి మీద తుడిచి, అతను ఆంప్లిఫయర్ కడుపులోంచి కెపాసిటర్లు ఊడదీస్తున్నాడు. పోయిన వారం తను బిగించినవే. తను చేసిన మరమ్మతును తనే విప్పవలసి రావడం అతనికిదే మొదటిసారి. పైగా అది చెడిపోయి రాలేదు. బాగైపోయిందని వచ్చింది.

బజారులో అతన్ని అందరూ గరగర అంటారు. రేడియో గరగరలాడినా, మైకు గరగరలాడినా అతని దగ్గరికే తెస్తారు గనక ఆ పేరు స్థిరపడింది. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన రేడియోలు విప్పి, కొన్నింటిని ఇంకా పాడుచేసి నేర్చుకున్నాడు. ఒక పద్ధతి మాత్రం తప్పడు. ఊడదీసిన పాత సామాను పొట్లం కట్టి, వస్తువుతోపాటే తిరిగి ఇచ్చేస్తాడు. మంచిది కొట్టేసి చెత్తది వేశాడన్న మాట పడకూడదని.

ఈ ఆంప్లిఫయర్ అక్క కూతురిది. గాజు వాల్వుల కాలం నాటిది. ఆ అమ్మాయి పవర్ మెటల్ అనే ఒక రకం జోరు రాక్ సంగీతం వాయించే బృందంలో గిటారు వాయిస్తుంది. మొదటి ఆల్బమ్ రికార్డు చేస్తున్నారు. ఆరు పాటలయ్యాక ఆంప్లిఫయర్ గుంయ్యిమనడం మొదలుపెడితే మామయ్య దగ్గరికి తెచ్చింది. అతను గుంయ్ పోగొట్టాడు, అలిసిపోయిన వాల్వులు మార్చాడు, లోపలంతా తుడిచి ఇచ్చాడు. ఈ ఉదయం పెట్టె, పొట్లం రెండూ పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"మరీ శుభ్రంగా మోగుతోంది మామయ్యా."

"శుభ్రంగా మోగితే నీకేం బాధే?"

"గిటారు వార్తలు చదువుతున్నట్టుంది."

మరమ్మతుకు ముందు రికార్డు చేసిన పాట ఒకటి ఫోనులో వినిపించింది. డ్రమ్ములు గుర్రాలు పరిగెత్తినట్టు పోతున్నాయి. పాడే కుర్రాడి గొంతు పైకప్పు తాకి ఇంకా పైకి పోతోంది. పల్లవి దగ్గర అందరూ ఒక్కసారి అందుకున్నారు. బాణీ బాగానే ఉందనిపించి అతని వేలు బల్ల మీద ఆడింది కూడా. కాని అడుగున గిటారు?

"ఇది స్పీకరు చిరిగిన చప్పుడు కదే."

"అదే కావాలి. పాత హెవీ మెటల్ రికార్డుల్లో గిటారు ఇలాగే ఉంటుంది. మా పాటలు వాటికంటే వేగం, గొంతు వాటికంటే పైన. గిటారు మాత్రం వాటి కడుపున పుట్టిందే."

"చిరిగిందని తెస్తే కుట్టాను. ఇప్పుడు చింపమంటే ఎక్కడని చింపను?"

"ఇంకా రెండు పాటలున్నాయి. స్టూడియో రేపటి వరకే మాది. మిగతా ఆరింటితో గిటారు కలవకపోతే ఆ రెండూ వదిలేయాల్సిందే," అంది. తరవాత మెల్లిగా, "ఆ రెండూ నేను కట్టినవి," అంది.

పొట్లం విప్పి పాత కెపాసిటర్లు తిరిగి అతికించాడు. గుంయ్ వచ్చింది, గరగర రాలేదు. పాత వాల్వులు పెట్టాడు. చప్పుడు కాస్త బరువెక్కింది. మేనకోడలు నాలుగు దెబ్బలు వాయించి తల అడ్డంగా ఊపింది. పొట్లం ఖాళీ అయింది. తీసినవన్నీ తీసినచోటే పెట్టాక పాత చప్పుడు ఎక్కడికి పోతుంది?

అప్పుడే బావ, ఆ అమ్మాయి నాన్న, వచ్చాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు. ఆంప్లిఫయర్ ఒకప్పుడు బావదే.

"ఏం బావమరిదీ, పేరుకే గరగరవా?"

"నువ్వుండు బావా, అసలే తల తిరుగుతోంది."

బావ వంగి పెట్టెలోకి చూశాడు. "నల్ల టేపు చుట్టిన బుడిపె ఒకటుండాలే. ఏదీ?"

గరగర చెయ్యి ఆగిపోయింది. ఉండేది. మొదటి వాల్వు దగ్గర, కందిరీగ గూడులా సీసం పోసి అతికించిన చిన్న కెపాసిటరు. తయారీవాళ్ళ సర్క్యూట్ బొమ్మలో అది లేదు. ఎవరో తెలియక చేసిన పని అనుకుని పీకేశాడు. అది సామాను కిందికే రాదని పొట్లంలో వేయకుండా చెత్తతో ఊడ్చేశాడు.

"అది ఏ వెధవ పని బావా?"

"నాదే."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకు సోల్డరింగ్ వచ్చా?"

"రాదు గనకే టేపు చుట్టాను. పెళ్ళికి ముందు సంగతి. రికార్డులో గిటారులా మోగడం లేదని చచ్చిన రేడియోలోది పీకి అక్కడా ఇక్కడా ఆనించాను. ఒకచోట మోగింది."

"దాని మీద ఎంతని రాసుండేది?"

బావ చిటికెన వేలు చూపించాడు. "ఈ గోరంత ఉండేది."

గరగర సొరుగు లాగి, ఆ గోరంతవన్నీ ఏరి వరస పేర్చాడు. స్విచ్ కట్టేయడం, ఆగడం, షాకు కొట్టకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని క్లిప్పుతో ఒకటి తగిలించడం, మళ్ళీ స్విచ్ వేయడం. అమ్మాయి కళ్ళు మూసుకుని వాయించేది. ఒకటి గీసుకుపోతోందంది, ఒకటి బురదలా ఉందంది. అతని చెవికి అన్నీ ఒకే జబ్బులా వినిపించాయి. ఇన్నాళ్ళూ చెవిని నమ్ముకుని బతికినవాడు దేన్ని పట్టుకోవాలో తెలియక ఆమె చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఒకదాని దగ్గర ఆ చేతులు ఆగలేదు. పల్లవి దాటాయి, చివరిదాకా పోయాయి. తేడా ఏమిటో గరగరకు తెలియలేదు. కొంచెం తెలిసినట్టూ ఉంది.

"గుంయ్ మాత్రం వద్దుగా?" అడిగాడు.

"వద్దు మామయ్యా."

"అది తప్పే కదా?"

"అది తప్పే."

ఒక్క తప్పయినా తప్పుగానే మిగిలినందుకు అతని ప్రాణం కుదుటపడింది. పాత వాల్వులు అలాగే ఉంచి, కొత్త కెపాసిటర్లు తిరిగి వేశాడు. బావ బుడిపె ఉన్నచోట కొత్తదాని కాళ్ళు వంచి, చుట్టి, బొట్టంత సీసంతో అతికించాడు. టేపు అక్కరలేకపోయింది. మూత బిగించాక అమ్మాయి మరోసారి వాయించి చూసి, సరేనని తల ఊపింది.

ఊడదీసిన పాత కెపాసిటర్లనీ, తను వేసిన కొత్త వాల్వుల్నీ కాగితంలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"వాల్వులు బాగున్నవే కదా మామయ్యా?"

"తీసిన సామాను. ఇవ్వాలి."

ఊడ్చిన మూలకేసి ఒకసారి చూసి, పెట్టెకు ఒక పక్క చెయ్యి వేశాడు. రెండో పక్క బావ పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగి ఆటోలో పెట్టారు. అమ్మాయి పొట్లం ఒళ్ళో పెట్టుకుని, స్టూడియోకు పోనిమ్మంది.