సరోజకు ఆ పెద్దామె చెప్పిన మాట

దెయ్యాలు, ఆత్మలు, పూనకాలు అంటే నేను ఆమడ దూరం. పాల్వంచ కరెంటు స్టేషన్‌ కంట్రోల్ రూములో ముప్ఫై ఏళ్ళు షిఫ్టు డ్యూటీ చేసి నిరుడు రిటైరయ్యాను. మా కాలనీలో ప్రతి రెండో క్వార్టరుకూ ఒక దెయ్యం కథ ఉంది. "దానికి అంత పనిలేకపోతే షిఫ్టుకు రమ్మను, మనుషులు తక్కువున్నరు" అని ఆ కథలు చెప్పేవాళ్ళను ఏడిపించేవాణ్ణి. ఇది చదివి మీరు నన్ను ఏడిపించినా నాకు కోపం రాదు.

నిజానికి ఇందులో దెయ్యం లేదు. నా ఇబ్బంది కూడా అదే. దెయ్యమైతే కనీసం ఒక పేరుండేది.

ముందు నా బావమరిది శ్రీను సంగతి చెప్పాలి. వాడికి ఐదేళ్ళప్పుడు అమ్మానాన్నలు పోతే, అక్క సరోజ, అంటే నా భార్య, తెచ్చి మా క్వార్టరులోనే పెంచింది. మాకు పిల్లల్లేరు, వాడే కొడుకు. పెద్దయ్యాక భద్రాచలం దగ్గర, వరదలప్పుడు అడవి ఊళ్ళవాళ్ళను దాటించే పడవ మీద పనికి కుదిరాడు. ఒక జులైలో గోదావరి మంచి పోటు మీద ఉండగా పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు. వాడు రాలేదు. శవం కూడా దొరకలేదు.

అట్లా దొరకనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మోదుగాకులు, దర్భలు కలిపి మనిషి ఆకారం చేసి, పేరు పెట్టి పిలిచి, ఏటి ఒడ్డున దహనం చేస్తారు. ఆ తర్వాతే దినాలు. సరోజ ఒప్పుకోలేదు. "వాడు పోయిండని నీకెవరు చెప్పిండ్రు? బతికున్నోనికి నిప్పు పెడ్తవా?" అని నా మీదికి లేచింది. బతికున్న మనిషి కోసం ఏడిస్తే కీడని ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చలేదు.

వాడు ఆదివారం ఆదివారం ఇంటికి భోజనానికి వచ్చేవాడు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాడి స్టీలు కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. కంచం అంచున వాడి పేరు చెక్కించి ఉంది. పొద్దుగూకే ముందు ఆ అన్నం తీసి ఆవుకు పెట్టేది. తొమ్మిదేళ్ళు ఇదే తంతు. మనిషి ఎండుకట్టెలా అయిపోయింది. బీపీ వచ్చింది, నిద్రమాత్ర లేకుండా నిద్ర లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, లోపల పెట్టుకున్న దుఃఖం బయటికి రాకపోతే ఈమె ఎంతోకాలం తట్టుకోలేదన్నాడు. తమ్ముడి వెనకే ఈమె కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది.

జులై వచ్చిందంటే టీవీ ముందు నుంచి కదలదు. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని కింద అక్షరాలు కదలగానే ఆమె కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. అందుకే మా రిటైర్డ్ బ్యాచ్‌ వాళ్ళు జులైలో స్పెయిన్ టూరు అనగానే మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. సరోజ ససేమిరా అంది. "ఆదివారం వానికి అన్నం ఎవరు పెడ్తరు?" అని. పక్క క్వార్టరామెకు తాళంతో పాటు కంచం కూడా అప్పజెప్పాకే కదిలింది.

స్పెయిన్ బాగుంది. కొత్తగూడెం ఎండలు తిన్నవాళ్ళం, వాళ్ళ ఎండ మాకు లెక్కలోది కాదు. మధ్యాహ్నం రెండయిందంటే దుకాణాలు మూసి పడుకుంటారు. మనమూ పడుకుంటాం కానీ టూరిస్టులను పిలిచి చూపించలేదంతే. తెల్ల సున్నం కొట్టిన ఇళ్ళున్న కొండ ఊళ్ళు చూశాం. మడమలు నేలకేసి కొట్టే వాళ్ళ డాన్సు చూశాం. మలగా అనే ఊళ్ళో ఇసుక నింపిన పాత పడవలో నిప్పు చేసి, పుల్లకు గుచ్చిన చేపలు కాలుస్తుంటే మా బ్యాచ్‌ అంతా అక్కడే కూలబడింది. సరోజ మాత్రం అన్నిటినీ బస్సు కిటికీలోంచి చూసినట్టే చూసింది.

ఐదో రోజు ఒక చిన్న జాలరి ఊరికి తీసుకెళ్ళారు. ఆ రోజు అక్కడ వాళ్ళ సముద్రపు తల్లికి పండుగ. చేపలు పట్టేవాళ్ళు విగ్రహాన్ని భుజాల మీద మోసుకుంటూ నడుముల్లోతు నీళ్ళలోకి దిగి, పూలు కట్టిన పడవ ఎక్కించారు. వెనక ఊరి పడవలన్నీ హారన్లు మోగిస్తూ బయల్దేరాయి. సాయంత్రం ఏడు దాటినా ఎండ ఫెళ్ళున కాస్తోంది. "మన రాములోరి తెప్ప లెక్కనే ఉన్నదయ్యా" అంది సరోజ. టూరులో ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది.

తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. గోదావరి బ్రిడ్జి మీద బస్సు పోతుంటే మనవాళ్ళు చేసినట్టే ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసి, దండం పెట్టి, దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుంది. పక్కనే మడత కుర్చీలో నల్లబట్టలు కట్టుకున్న ఒక పెద్దామె కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. ఆమె లేచి వచ్చి సరోజ మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ తడి ఇసుకలోనే కూర్చున్నారు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ నవ్వుకుంటారని నేను దగ్గరికి వెళ్ళి వీడియో తీశాను. ఆరు నిమిషాల నలభై సెకన్లు.

సరోజ తిరిగొచ్చాక ముఖం వేరుగా ఉంది. "ఆమె తమ్ముడు గూడ చేపలకు పోయి తిరిగి రాలేదంట. ఆమె గూడ పదకొండేండ్లు పళ్ళెం పెట్టిందంట. 'పేరు చెక్కిన కంచం ముందట వాణ్ణి కూసోబెట్టినవ్. వాడు తినలేడు, నువ్వేమో లేవనియ్యవ్. లేవనియ్యి బిడ్డా' అన్నది" అంది.

"నీకు స్పానిష్ ఎప్పటి నుంచి వస్తది?" అన్నాను నవ్వుతూ.

"స్పానిష్ ఏంది? మనలెక్కనే మంచిగ మాట్లాడింది. పక్కనే ఉన్నవ్, నువ్వినలేదా?"

నేను విన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎండ దెబ్బ తగిలిందేమోనని మజ్జిగ కోసం వెతికి, దొరక్క, నిమ్మరసం తాగించాను.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర వీడియోను మా టూర్ మేనేజర్ కీర్తనకు చూపించాను. హైదరాబాద్ అమ్మాయి, స్పానిష్ చదువుకుంది. సరోజ నాతో ఏం చెప్పిందో ఆమెకు చెప్పలేదు. ఊరికే, ఆ పెద్దామె ఏమంటోందమ్మా అని అడిగాను. కీర్తన ఒక్కో వాక్యం విని తెలుగులో చెప్తూ పోయింది. తమ్ముడు. చేపలు. పదకొండేళ్ళు. పళ్ళెం. తర్వాత ఒకచోట ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. "పేరు చెక్కిన పళ్ళెం అంటున్నది అంకుల్. ఇక్కడ పళ్ళేల మీద పేర్లెవరూ చెక్కరే" అంది. ఆ తర్వాత "లేవనియ్యి" అన్న మాట కూడా చెప్పింది. నేను వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఆ వీడియోలో సరోజ మాట్లాడింది నాలుగంటే నాలుగు మాటలు. మా తమ్ముడు. నీళ్ళల్ల పోయిండు. దొరకలె. తొమ్మిదేండ్లు. కంచం ఊసే లేదు. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

మా బస్సు ఆ ఊరి మీదుగానే పోవాలి. నేను బతిమాలితే కీర్తన పదిహేను నిమిషాలు ఆపించింది. వీడియో చూపిస్తే ఊరివాళ్ళు ఇల్లు చెప్పారు. పెద్దామె ఇంటి ముందు కూర్చుని చిక్కుడుకాయల్లాంటివి ఒలుస్తోంది. సరోజను చూసి లేచి వాటేసుకుంది. ఏదో అంది. సరోజ బిత్తరపోయి కీర్తన వైపు తిరిగింది. "ఏమంటుందమ్మా? నాకు తెలుస్తలేదు."

పెద్దామె కూడా అంతే తెల్లబోయి కీర్తనను ఏదో అడిగింది. విన్న కీర్తన నా వైపు తిరిగింది. "అంకుల్, నిన్న ఆంటీ ఈమె భాషలోనే, అచ్చం ఈ ఊరివాళ్ళ యాసలోనే మాట్లాడిందట. ఇయ్యాల ఎందుకు మాట్లాడటం లేదని అడుగుతున్నది" అంది.

కంచం సంగతి అడిగించాను. పేరు చెక్కించిన కంచం గురించి ఆమే కదా నాకు చెప్పింది అంటూ పెద్దామె సరోజ వైపు చూపించింది.

మా బ్యాచ్‌లో చదువుకున్నవాళ్ళకు వీడియో చూపించాను. ముఖం చూసి ఊహించుకుని ఉంటారని ఒకరన్నారు. నీ భార్య ముందే కీర్తనకు చెప్పి ఉంటుందని ఇంకొకరన్నారు. ఏ మాట తీసుకున్నా సగం దూరమే పోతుంది. అక్కడి నుంచి ముందుకు దారి లేదు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం సరోజ అన్నం ఇద్దరికే వండింది, ఇద్దరికే వడ్డించింది. తిన్నాక, "మోదుగాకు తెప్పియ్యయ్యా" అంది.

కార్తీకంలో భద్రాచలం ఒడ్డున ఆ కార్యం చేశాం. ఆమె పెదనాన్న కొడుకు నిప్పు పెట్టాడు. అంతకుముందు, ఆ ఆకుల మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలని అయ్యగారు చెప్పారు. సరోజ వంగి "శ్రీనూ" అంది. రెండోసారి అంది. మూడోసారి పిలవబోతూనే ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంటూ, తొమ్మిదేళ్ళ ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. "లేసి పో నాయనా, నిన్ను ఆపిన నేను పాపిష్టిదాన్ని, పో నా తండ్రీ" అని. చుట్టాలు ఊరుకోబెట్టబోతే నేనే వద్దన్నాను. మధ్యాహ్నం దాకా ఏడ్చి, నా ఒళ్ళో తల పెట్టుకుని ఆ ఇసుకలోనే నిద్రపోయింది. మాత్ర వేసుకోలేదు.

స్పెయిన్‌లో ఆ ఒడ్డున ఏం జరిగిందో, ఎవరి మాట ఎవరికి ఎట్లా వినిపించిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గుళ్ళో కూడా నలుగురూ చూస్తారని చేతులు జోడించేవాణ్ణి నేను. ఆ రోజు నిద్రపోతున్న సరోజ తల కదలకుండా పట్టుకుని, ఆ పెద్దామె ఎటువైపు ఉంటుందో తెలియక, పడమటి దిక్కుకు తిరిగి మొక్కాను.