బందరులో రెండు స్నానాలు

మా అమ్మాయి చరిత్రలో ఎం.ఏ. చదివింది. ఊరివాళ్ళను వ్యానెక్కించి సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళు కోటలు కట్టుకున్న పాత ఊళ్ళన్నీ చూపించడమే ఉద్యోగంగా పెట్టుకుంటానని పట్టుబట్టింది. గురజాల పక్కన మిరపచేల మధ్య ఉండే ఊరు మాది. తిరుపతికీ శ్రీశైలానికీ తప్ప ఎవరూ వ్యాను మాట్లాడుకోరు. మా ఆయన ఒకటే మాటన్నాడు.

"ఒక్కసారి తీసకపో. వచ్చినోళ్ళు మళ్ళీ వస్తామంటే సరే. లేదంటే నోర్మూసుకుని బ్యాంకు కోచింగులో చేరు."

నాకు ఒళ్ళు మండింది. పంట పోయిన మరుసటేడు కూడా మిరపే వేసే మనిషి, కూతురికి మాత్రం ఒక్క అవకాశమే ఇస్తాడట. అదే అడిగాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేలోకి పోయాడు.

కోతలయ్యాక ఒక ఆదివారం తెల్లవారకముందే బందరుకు బయలుదేరాం. ఎదురింటి పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె బాగుందంటేనే మా వీధిలో ఏదైనా బాగున్నట్టు. చిలకలపూడి పాండురంగడికని కనకాంబరాల మాల తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

గుంటూరు దాటాక అమ్మాయి మైకు పట్టుకుంది. మిరపకాయ మన దేశంలో పుట్టింది కాదని, బుడతగీచుల, అంటే పోర్చుగీసువాళ్ళ, ఓడల్లో సముద్రం దాటి వచ్చిందని చెప్పింది. వ్యానంతా గొల్లున నవ్వింది.

"ఏందమ్మాయ్, మా తాత వేసిన పంట తెల్లోడిదెట్టా అయిద్ది?" అన్నాడు వెనక సీట్లోంచి మా బాబాయి. "అంతకుముందు కూరల్లో ఏం వేసుకున్నారంట?"

"మిరియాలు, తాతయ్యా."

"పాపం" అన్నాడాయన.

బందరులో పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం తిప్పింది. ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు మన అద్దకం బట్టల కోసం వచ్చి ఇక్కడ కొట్లు పెట్టుకున్నారని, తర్వాత ఒకరినొకరు తరుముకున్నారని చెప్పింది. "మనూళ్ళో పార్టీల మాదిరే" అన్నాడు బాబాయి. మా ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నాకు ధైర్యం వచ్చింది.

సరిగ్గా అప్పుడే పిల్ల పొరపాటు చేసింది. డచ్చివాళ్ళ సమాధులున్న చోట వ్యాను ఆపించి, "ఇది చూసి, పక్కనే నీడలో భోజనాలు చేద్దాం" అంది.

ఎవరూ కదల్లేదు.

"ఏమే, ఇది వల్లకాడు గదా?" అంది పెద్దమ్మ.

"వందల ఏళ్ళ నాటిది అమ్మమ్మా."

"ఎన్నేళ్ళదైతే ఏంది? వల్లకాడు తొక్కినాక తలకి పోసుకోకుండా మెతుకు ముట్టేదెట్టా? నేను దిగను."

ఆమె దిగనంటే ఇంకెవరు దిగుతారు? పులిహోర గిన్నెలూ వ్యానులోనే, మేమూ వ్యానులోనే. గేటు ముందు అమ్మాయి ఒక్కతే నిలబడింది. అన్ని పుస్తకాలు చదివిన పిల్లకు, చావింటికి వెళ్ళొస్తే గడప బయటే నీళ్ళు పోసుకునే మనుషులను తీసుకొచ్చానన్న సంగతి తట్టలేదు. మా ఆయన గడియారం చూసుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అమ్మాయి వచ్చి డ్రైవరుతో, "మంగినపూడి పోనీ అన్నా. ముందు సముద్రం చూద్దాం" అంది.

మంగినపూడిలో అందరం సముద్రంలో మునిగాం. కాలవ నీళ్ళు తప్ప ఎరగని పెద్దమ్మ అలకు పడింది, లేచింది, ఉప్పునీళ్ళు ఉమ్మి మళ్ళీ వెళ్ళింది. పొడిబట్టలు కట్టుకుని పులిహోర తింటుంటే తనే అడిగింది.

"ఆ వల్లకాట్లో ఉన్నదెవరే?"

నెలల తరబడి ఓడల మీద వచ్చినవాళ్ళని చెప్పింది అమ్మాయి. కొందరికి ఇక్కడి ఎండలు, జ్వరాలు పడలేదట. వాళ్ళ భార్యలూ పసిబిడ్డలూ కూడా ఉన్నారట.

"వాళ్ళ తాలూకు ఎవరన్నా వస్తారా?"

"ఎవరొస్తారు అమ్మమ్మా. వాళ్ళ ఊరు చానా దూరం."

పెద్దమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తొలిచూలు బిడ్డను ఏడాది నిండకుండానే పోగొట్టుకున్న మనిషి ఆమె. చెయ్యి కడుక్కుని లేచింది.

"వ్యాను వెనక్కి తిప్పమను."

"మళ్ళీ స్నానం చెయ్యాలి పెద్దమ్మా" అన్నాను.

"చేద్దాం. సముద్రం ఎక్కడికన్నా పోయిద్దా?"

ఆమె దిగితే అందరూ దిగారు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలూ బొమ్మలూ చూపిస్తూ అమ్మాయి చెబుతుంటే బాబాయి కూడా నోరెత్తకుండా విన్నాడు. పెద్దమ్మ మాలను రెండుగా తుంచి, సగం ఒక చిన్న సమాధి మీద పెట్టింది. "దేవుడేమీ అనుకోడులే" అంది, ఎవరూ అడక్కపోయినా.

మళ్ళీ సముద్రానికి వెళ్ళి మునిగాం. ఇంకో చీర లేక పెద్దమ్మ తడిచీరతోనే గుడికి వచ్చి, మిగతా సగం పాండురంగడికి ఇచ్చింది. తిరిగి వ్యానెక్కేటప్పుడు మా అమ్మాయి భుజం పట్టుకుంది.

"ఒసేయ్, ఈసారి వల్లకాడుంటే ముందే చెప్పు. రెండు చీరలు తెచ్చుకుంటా."

మా ఆయన వినాలని ఆ మాట నేను మళ్ళీ గట్టిగా చెప్పాను.

"వినపడిందిలే" అన్నాడు, లుంగీ అంచు పిండుకుంటూ. "నాక్కూడా రెండు లుంగీలు సర్దు."