పదకొండు ఒకట్లు

మా కాశయ్య మహా మొండివాడు. మణుగూరులో బొగ్గుబాయి మీద ల్యాంపు రూంలో ఇరవై ఆరేళ్లు నాతో పనిచేశాడు. బాయి దిగే ప్రతివాడూ లైటు తీసుకుని, తన నంబరు బిళ్ళను మేకుకు తగిలించి పోతాడు. షిఫ్టు మారితే, కొత్తగా వచ్చినవాడు పాతవాడి లెక్క నమ్మకుండా బిళ్ళలన్నీ మళ్లీ తనే లెక్కపెట్టుకోవాలి. మేమైతే ఇంటికి పోయే తొందరలో సంతకం గీకేసేవాళ్లం. కాశయ్య ఒక్కరోజూ అట్లా చెయ్యలేదు.

ఆయన ఒక్కగానొక్క బిడ్డ సునంద. డిగ్రీలో లెక్కలు చదువుతుండగా కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు తండ్రీ కూతుళ్లు బస్సెక్కి డయాలసిస్ కోసం భద్రాచలం పోయేవాళ్లు. నాలుగేసి గంటలు ఊరికే పడుకోవడం ఆ పిల్లకు చేతకాలేదు. ఒకరోజు నోటుబుక్కులో 11111111111 అని రాసింది.

"దీన్ని ఒకటీ, ఇదీ గాక ఇంకేదన్న సంఖ్య నిశ్శేషంగా భాగిస్తదా? ఫోన్ల చూడొద్దు నాయినా. మనమే తేల్చాలె."

లక్షా ఐదువేల చిల్లర దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలట. ఏదీ భాగించకపోతే ఇదీ ప్రధాన సంఖ్యే. ఇరవై వేల లోపువి తండ్రికి, పైవి కూతురికి. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది, పదకొండుతో ఒకటి మిగిలింది. కాశయ్య బస్సులో కూడా భాగిస్తూనే ఉండేవాడు. ఒకసారి వాళ్లతో నేనూ వెళ్లాను. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"ఫోన్ల కొడితే నిమిషంల తేలుతది. గీ పిచ్చేంది కాశన్నా?"

"ఈ లెక్క తేలేదాక నా బిడ్డకేం గాదు చందరూ."

కిటికీ పక్కన కూర్చున్న సునంద ఆ మాట విన్నది.

రెండో ఏడు వానల్లో ఆ పిల్ల పోయింది. ఇరవై రెండేళ్లు. దేవుడి మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

దినాలయ్యాక కాశయ్య మళ్లీ నోటుబుక్కు తీశాడు. తన వంతు ముగించి, బిడ్డ వంతు పట్టాడు. ఆపిన చోటినుంచి మొదలుపెట్టచ్చు కదా! ల్యాంపు రూం అలవాటు ఎక్కడికి పోతుంది? బిడ్డ చేసినవన్నీ మళ్లీ మొదటినుంచి చేశాడు.

నిరుడు ఒక పొద్దున నన్ను పిలిపించాడు. 21649తో భాగిస్తే 513239 వచ్చింది. శేషం సున్న. నేనూ చేసి చూశాను, సున్నే. సునంద పుస్తకంలోనూ మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి సున్నకు మాత్రం తోక తగిలించి తొమ్మిది చేసింది. పేజీ మీద తేదీ, ఆమె పోవడానికి పది నెలల ముందుది. ఆ తర్వాత కూడా, తండ్రి పక్కనే, ఎనభై పేజీలు భాగించుకుంటూ పోయింది.

"పొరపాటు పడ్డదేమోలే," అన్నాను. కాదని నాకూ తెలుసు.

"నా బిడ్డ లెక్క తప్పదు. తేలిందంటే నేను భయపడతనని దాసింది."

అప్పటిదాకా ఆయన ఏడవడం నేను చూడలేదు. కాష్ఠం దగ్గర కూడా ఏడవలేదు.

"ముందుగాల దెలిస్తే ఆ పది నెల్లు గీ పుస్తకంల తలకాయ పెట్టకపోతుంటి చందరూ," అన్నాడు. "దాని మొఖం చూసుకుంట కూసుంటుంటి."