ఇద్దరు కోచ్‌లు, ఒకే రిజిస్టరు

కువైట్‌లో నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెబితే మా రాయచోటి వైపు ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఒక కాలేజీ ఫుట్‌బాల్ మైదానానికి నేను పనివాణ్ణి. సున్నంపొడితో గీతలు గీయడం, బంతుల్లో గాలి కొట్టడం, చెమట జెర్సీలు ఉతికి ఆరేయడం, గేటు దగ్గర రిజిస్టరులో ఎవరు ఎన్నింటికి వచ్చారో రాయడం. ఆట గురించి నాకేం తెలియదు. కానీ ఏళ్ల తరబడి గట్టు మీద నిలబడి చూస్తే ఎవరికైనా నాలుగు ముక్కలు వస్తాయి. ఆ నాలుగు ముక్కలతోనే తీర్పులు కూడా చెప్పేస్తాం.

నేనున్న కాలంలో ఆ జట్టుకు ఇద్దరు కోచ్‌లు పనిచేశారు. మొదటాయన సూడాన్ మనిషి, యాభై దాటినవాడు. కుర్రాళ్లు ఆయన్ని కాప్టిన్ అనేవారు. అక్కడ కోచ్‌ని అలాగే పిలుస్తారు. ఆయన తర్వాత ఇంగ్లండు నుంచి వచ్చినాయన్ని మాత్రం మొదటి రోజు నుంచే మిస్టర్ అన్నారు. ఒకే ఉద్యోగానికి రెండు పిలుపులేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అలాగే పిలిచాను.

కాప్టిన్ నోరు మంచిది కాదు. గీత కాస్త వంకరపోతే చెరిపించి మళ్లీ గీయించేవాడు. ఆ ఎండలో రెండోసారి వంగాలంటే నాకు ఒళ్లు మండిపోయేది. జానెడు వంకరైతే కొంపలేం మునిగిపోతాయని తెలుగులో గొణుక్కునేవాణ్ణి. ఆయనకు తెలుగు రాకపోయినా గొణుగుడు అర్థమయ్యేది. మూడోసారి గీయించేవాడు.

ప్రాక్టీసు మధ్యాహ్నం మూడున్నరకు. చలికాలంలో కాప్టిన్ పది నిమిషాలు ముందే వచ్చేవాడు. ఎండలు మొదలయ్యేసరికి పావుగంట ఆలస్యమయ్యేది. ఎందుకంటే మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు వేళ కాలాన్ని బట్టి జరుగుతుంది. చలికాలంలో అది తొందరగా అయిపోతుంది, ఎండాకాలం దగ్గరపడేకొద్దీ మూడున్నర వైపు వస్తుంది. ఆయన దారిలో మసీదు దగ్గర ఆగి, నమాజు చేసుకుని వచ్చేవాడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కువైట్‌లో బతికేవాడికి నమాజు వేళలు ఎవరూ చెప్పక్కర్లేదు, దుకాణాల షట్టర్లు దిగితే తెలిసిపోతుంది. అయినా నేను గడియారం చూసి మూడూ నలభై ఐదు అని రాసేవాణ్ణి. అలా రాస్తుంటే కొంచెం సంతోషంగా కూడా ఉండేది, దాచిపెట్టను.

ఆ ఏడాది జట్టు వరసగా ఓడింది. డైరెక్టరు నన్ను రిజిస్టరుతో సహా ఆఫీసుకు పిలిపించాడు.

“ఈ ఆలస్యాలు నిజమేనా?”

“నిజమే సార్.”

“కారణం ఏమైనా చెప్పేవాడా?”

“లేదు సార్.”

ఆయన చెప్పలేదు, నిజమే. కానీ నాకు తెలుసు. ఆ రెండో ముక్క నోట్లోనే ఉండిపోయింది. నెల తిరక్కుండా కాప్టిన్ ఉద్యోగం పోయింది. కాలేజీ ఇఖామా, అంటే నివాస పర్మిట్, రద్దు చేస్తే దేశం విడిచి పోవాల్సిందే కాబట్టి, ఎవరినో బతిమాలి ఫర్వానియాలో ఒక బేకరీ యజమానిని పూచీ ఉండే కఫీల్‌గా పెట్టుకున్నాడు. ఆ వయసులో వ్యాను నడుపుతూ దుకాణాలకు ఖుబ్బూస్ రొట్టెలు వేసేవాడు. వీధిలో కనిపిస్తే నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

మిస్టర్ వచ్చాక జట్టు గెలిచిందా అంటే, అదీ లేదు. అవే కాళ్లు, అవే ఓటములు. కానీ మాట మారింది. డైరెక్టరు “జట్టు తయారవడానికి టైం పడుతుంది” అనేవాడు. మా గదిలో ఉండే అన్న ఒక అరబ్బు ఇంట్లో వంటపని చేసేవాడు, శుక్రవారాలు మ్యాచ్ చూడటానికి వచ్చేవాడు. కాప్టిన్ ఓడినప్పుడు “ఈ మనిసికి ఆటే రాదప్పా” అన్నవాడు, మిస్టర్ ఓడినప్పుడు “ఓడినా ఎంత పద్దతిగా ఓడినారో సూడు” అన్నాడు. నేను నవ్వి అవునన్నాను. మిస్టర్ నా గీతల వంక చూసేవాడే కాదు. వస్తూనే భుజం తట్టి ఎలా ఉన్నావనేవాడు. ఒక్కోసారి నాలుగు దాటాక వచ్చేవాడు. నేను మూడున్నర అని రాసేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మిస్టర్ అప్పటికే సెలవులకు తన దేశం వెళ్లి ఉన్నాడు, బతికిపోయాడు. డైరెక్టరు సౌదీకి పారిపోయాడని విన్నాం. మైదానం సంగతి చూద్దామని వెళితే నా గీతల మీద మిలిటరీ ట్రక్కులు నిలబెట్టి ఉన్నాయి. తిరిగి వచ్చి గదిలో కూర్చున్నాం. జీతం లేదు, పని లేదు, రొట్టె కోసం పొద్దున్నే బారులు. మావాళ్లు ఒక్కొక్కరే జోర్డాన్ దారి పట్టారు. అక్కడికి చేరితే ఇండియా విమానం దొరుకుతుందని అందరూ అన్నారు. మాకు చేరే దారే దొరకలేదు. బస్సులు నిండిపోయాయి. ఇఖామా పనికని నెల ముందే కాలేజీ నుంచి తెచ్చుకున్న పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, అన్నది కూడా వాళ్ల అరబ్బు పోతూ ఇచ్చిపోయాడు, అదొక్కటే అదృష్టం.

మూడో వారంలో ఎవరో తలుపు కొట్టారు. తీస్తే కాప్టిన్.

“బేకరీ యజమాని వ్యాను నాకు వదిలేసి వెళ్లాడు. రేపు జోర్డాన్ పోతున్నాను. ఇద్దరికి చోటుంది. నువ్వు నాతో పనిచేసినవాడివి, అందుకని ముందు నీ దగ్గరికి వచ్చాను,” అన్నాడు.

ఆయన వెళ్లాక నేను అన్నకు అంతా చెప్పాను. ఈ వ్యాను ఎక్కాలంటే రిజిస్టరు సంగతి ముందు ఆయనతో చెప్పాలి, లేకపోతే ఆయన పక్కన కూర్చోలేనన్నాను. అన్న తల పట్టుకున్నాడు.

“నోర్మూసుకోని ఎక్కు నాయనా. ఆ యవ్వారమంతా జోర్డాను సేరినాక సెప్పుకుందువులే. ఇప్పుడు సెప్పి నీతో పాటు నన్నూ ముంచేవు!”

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఊళ్లో ఆయనకు ఇద్దరు పిల్లలు. వ్యాను పోతే మళ్లీ ఏ బండి దొరుకుతుందో, దొరకదో. సరేనన్నాను.

తెల్లారాక కాప్టిన్ వ్యాను వెనక నీళ్ల డబ్బాలు తాడుతో కడుతున్నాడు. నేను సంచి అందిస్తూ, ఆగలేకపోయాను.

“కాప్టిన్, మీ ఆలస్యాలు రాసింది నేనే. నమాజు వల్లనని తెలిసి కూడా డైరెక్టరుతో చెప్పలేదు.”

అన్న కళ్లు మూసుకున్నాడు.

“తెలుసు,” అన్నాడు కాప్టిన్, తాడు లాగుతూనే. “తీసేసిన రోజు డైరెక్టరు ఆ పుస్తకం నా ముందే పెట్టాడు. నీ రాత నాకు తెలియదా? అయినా ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. నిజమే రాశావు.”

గుండెల మీంచి బరువు దిగింది. అన్న ఊపిరి వదలడం నాకు వినపడింది. అప్పుడు కాప్టిన్ ఇంకో ప్రశ్న వేశాడు. కోపం లేదు, మ్యాచ్ ఏమైందని అడిగినట్టే అడిగాడు.

“మిస్టర్ ఎన్నింటికి వచ్చేవాడు?”

“ఒక్కోసారి నాలుగు దాటేది.”

“నువ్వేం రాసేవాడివి?”

“మూడున్నర.”

ఆయన చేతులు ఆగాయి. “అలా రాయమని డైరెక్టరు చెప్పాడా?”

అవునంటే సరిపోయేది. డైరెక్టరు దేశంలోనే లేడు, అడిగి తేల్చుకునే దారి లేదు. అవునని చెప్పమని అన్న కళ్లతోనే బతిమాలుతున్నాడు. నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“లేదు కాప్టిన్. ఎవరూ చెప్పలేదు.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఉద్యోగం పోయిన రోజు కూడా ఆ ముఖం అంత చిన్నబోవడం నేను చూడలేదు. ఆయన తాడు ముడి బిగించి, ముందు సీటు అన్నకు చూపించాడు. నాకు వెనక ఖుబ్బూస్ ట్రేల మధ్య చోటు చూపించి, “యల్లా, పదండి” అన్నాడు.

జోర్డాన్ సరిహద్దు దాకా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దారిలో బండి ఆపినప్పుడల్లా నీళ్లు మాత్రం ముగ్గురికీ ఒకే గ్లాసుతో, ఒకే కొలత పోశాడు.