వీర్రాజు గారి గేదె, మా థర్మోకోల్ ప్లేట్లు

ఇంక దాచి లాభం లేదండి. ముక్తేశ్వరం రేవులో పడవెక్కే ప్రతివాళ్ళకీ తెలిసిపోయింది, మీకు మాత్రం ఎందుకు తెలియకూడదు? ఈ కార్తీకంలో నా పరువు ఓ చూడిగేదె నోట్లో ఇరుక్కుపోయింది. ఎలా బయటపడిందో చెప్తాను, టీ చల్లారకముందే వినండి. మధ్యలో నవ్వకండి. నవ్వితే మిగతాది చెప్పను.

నేనెలాంటి మనిషినో మీకు తెలుసు కదా. ఇరవయ్యేళ్ళ నించి హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. నా క్లాసులో కాగితం ముక్క కింద పడదు. బస్సులో ఎవరైనా బత్తాయి తొక్క సీటు కింద పడేస్తే కండక్టరు ముందు నా మొహం చూస్తాడు, ఇప్పుడేం జరుగుతుందో అని. రత్నం టీచరు వస్తోందంటే బడ్డీకొట్టాయన చీపురు తీస్తాడు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. సరే, అనుకోండి. ఉన్నమాటేగా!

మా వీధి ఆడవాళ్ళం ముప్ఫై మందిమి ఏటా కార్తీకంలో వనభోజనాలకి గోదావరి మధ్యనున్న లంకలోకి వెళ్తాం. వనభోజనం అన్నాక ఉసిరిచెట్టు కిందే తినాలి కదా. ఆ లంకలో చెప్పుకోదగ్గ ఉసిరిచెట్టు ఒక్కటే, అది వీర్రాజు గారి చేలో ఉంది. వంగ, మిరప వేసుకుని, ఓ గేదెని మేపుకుంటూ అక్కడే ఉంటారాయన. పోయినేడు మా తరవాత ఇంకెవరో పిక్నిక్కి వచ్చి, అన్నం మెతుకులున్న ప్లాస్టిక్ కవర్లు చెట్టు కింద వదిలేసి పోయేరు. అప్పుడాయనకున్న పాడిగేదె అవి తినేసి, కడుపు ఉబ్బిపోయి, మూడ్రోజుల్లో చచ్చిపోయింది. దాంతో ఈ ఏడు ఎవర్నీ రానివ్వనని భీష్మించుకు కూర్చున్నారు.

మాట్లాడ్డానికి నేనే వెళ్ళేను. నేను కాక ఇంకెవరు వెళ్తారు? ఆయన పాక ముందు కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టిచ్చి, గేదెకేసి చూపించేరు.

"ఉన్నది ఇదొక్కటేనండి టీచరు గారూ. చూడితో ఉంది, నెలలు నిండేయి. దీనికేవన్నా అయితే మేం ఇంక లేవలేవండి."

"పూచీ నాదండి వీర్రాజు గారూ. నేనుండగా మీ చేలో పిసరంత చెత్త మిగలదు" అన్నాను. ఆయన కాసేపు నాకేసి, కాసేపు గేదెకేసి చూసి, చివరికి సరేనన్నట్టు ఆయ్ అన్నారు. తిరిగి పడవెక్కుతున్నప్పుడు చూడాలి నా నడక! కలెక్టరు గారు కూడా అలా నడవరు.

ఇంక భోజనాలు. కోనసీమలో ఉండి అరటాకులు లేకుండా వనభోజనాలేవిటి అంటారు మీరు. నిజమే. కానీ ముందు వారం గాలివాన పట్టింది కదా, ఏ తోటలో చూసినా ఆకులన్నీ దువ్వెనపళ్ళలా చీలిపోయి ఉన్నాయి. ఒక్క నిండాకు దొరకలేదు. పక్కింటి సుబ్బలక్ష్మి గారు అంబాజీపేట వెళ్ళి ఫ్యాన్సీ షాపులో థర్మోకోల్ ప్లేట్లు ఓ కట్ట పట్టుకొచ్చేరు, సరిగ్గా ముప్ఫై. తెల్లగా, తేలిగ్గా ఎంత బావున్నాయో! నేను కూడా ముట్టుకుని చూసి, కాలంతో పాటు మనవూ మారాలండీ అన్నాను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా నాలిక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే పడవ మీద వెళ్ళేం. ఉసిరిచెట్టుకి పూజ చేసేం. పులిహోర, గారెలు, కంద బచ్చలికూర, ముక్కల పులుసు, గడ్డపెరుగు. బంతి సాగినంతసేపూ నేను తినడం తక్కువ, తిరగడం ఎక్కువ. మెతుకు కింద పడిందా, గ్లాసు దొర్లిందా అని చూసుకుంటూనే ఉన్నాను. స్టీలు గ్లాసులు ఇంటినించే తెచ్చుకున్నాం, అది కూడా నా ఆర్డరే.

భోజనాలయ్యేయి. ఏటా ఆ వేళకి నేనో మాట అంటాను. ఇరవయ్యేళ్ళ అలవాటండి, నోరు దానంతటదే అనేస్తుంది. ఈసారీ అనేసింది.

"ఆకులు మడిచి గేదెకి అందేచోట వేసెయ్యండర్రా. మూగజీవి, తింటుంది."

ముప్ఫై మందీ ఆయ్ అన్నారు. ఒక్కరంటే ఒక్కరికి ఇవి ఆకులు కావని తట్టలేదు. భోజనం కాగానే ఆకు మన వైపుకి మడవాలి కదా, చిన్నప్పట్నించీ చెయ్యి అలాగే పోతుంది. వరసగా అందరం ప్లేటు మడిచేం. టప్‌మని విరిగింది ప్రతి ప్లేటూను. సుబ్బలక్ష్మి గారైతే విరిగినదాన్ని మళ్ళీ మడిచి నాలుగు ముక్కలు చేసేరు. పెరుగూ పులుసూ అంటిన ఆ ముక్కలన్నీ ముద్దుగా పాక పక్కన కుప్ప పోసేం. గేదె మెడ చాపింది. తిను తల్లీ అని నేనే దాని నుదురు నిమిరేను. వీర్రాజు గారు చేను ఆ చివర వంకాయలు కోసుకుంటున్నారు పాపం, ఇటు చూడనేలేదు.

అక్కడితో ఊరుకుంటే సగం పరువన్నా మిగిలేది. రేవుకి వస్తుంటే ఇసకలో టార్పాలిన్ డేరా వేసుకుని అమలాపురం ఆఫీసు ఉద్యోగులు ఓ పదిమంది కనిపించేరు. ముందురోజు వచ్చి అక్కడే మకాం వేసేరట. డేరా చుట్టూ చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ ప్యాకెట్లు, సిగరెట్టు పెట్టెలు. ఇంక నన్నెవరు ఆపగలరు? చీరకొంగు దోపుకుని వెళ్ళేను. వాళ్ళలో పెద్దమీసాలున్న ఒకాయన పేకముక్కలు పట్టుకుని లేచి నిలబడ్డారు. పోయినేడు ఈ లంకలో గేదె ఎలా చచ్చిపోయిందో మొత్తం చెప్పేను. మీరు చదువుకున్నవాళ్ళేనా, మీ ఇంట్లో ఇలాగే పారేస్తారా, మూగజీవాల ఉసురు ఊరికే పోతుందా అని పావుగంట వాయించేను. పాపం వాళ్ళు పేకముక్కలు పక్కన పెట్టేసేరు. ఓ గోనెసంచి తెచ్చి అన్నీ ఏరడం మొదలెట్టేరు. అదిగో, అలా ఉండాలి అని మా వాళ్ళకి చూపించి పడవెక్కేను.

పడవ కదిలింది. మా వాళ్ళందరూ నన్ను పొగుడుతున్నారు. నేను వద్దొద్దంటూ వింటున్నాను. ఇంతలో గట్టుమీదకి వీర్రాజు గారు పరిగెట్టుకుంటూ వచ్చి రెండు చేతులూ ఊపడం మొదలెట్టేరు. చూసేరా, ఎంత మర్యాదస్తుడో, చేను శుభ్రంగా ఉంచినందుకు సాగనంపడానికి వచ్చేరు అన్నాను. నేనూ ఊపేను. ముప్ఫై మందిచేతా ఊపించేను. ఆయన తలపాగా తీసి ఊపేరు. నేను చీరకొంగు ఊపేను.

పడవవాడు పోలయ్య తెడ్డు ఆపేడు. "ఆయన సాగనంపడం లేదండి. ఏడుస్తున్నారండి" అన్నాడు.

వెనక్కి తిప్పేం. దిగి, పాక దాకా పరిగెట్టి చూద్దును కదా! గేదె మూతి చుట్టూ తెల్లటి పూసలు. గాలికి లేచిన ముక్కలు మిరపచేనంతా పరుచుకున్నాయి. వీర్రాజు గారు దాని నోట్లో చెయ్యి పెట్టి ముక్కలు లాగుతున్నారు. నన్ను తిట్టలేదండి. తిడితే బావుండును. "టీచరు గారని నమ్మేనండి" అన్నారు, అంతే. నేను ఇరవయ్యేళ్ళలో ఎంతమందిని గోడకుర్చీ వేయించేనో, ఆ క్షణంలో నన్నెవరైనా వేయించినా వేసేద్దును.

గోల విని డేరావాళ్ళు కూడా వచ్చేరు. మీసాలాయన దగ్గర సెల్‌ఫోను ఉంది గానీ లంకలో సిగ్నల్ లేదు. పోలయ్యే పడవేసుకెళ్ళి పశువుల డాక్టరు గారిని తీసుకొచ్చేడు. ఆయన గేదె డొక్కలు నొక్కి చూసి, ఎంత తిందో తెలిస్తే గానీ ఏం చెప్పలేనన్నారు. ఎంత తిందో ఎవరికి తెలుసు?

అప్పుడు లేచిందండి నాలో లెక్కల టీచరు! తెచ్చినవి ముప్ఫై ప్లేట్లు. దొరికిన ప్రతి ముక్కా తెమ్మన్నాను. మా ఆడవాళ్ళు, ఆ ఆఫీసువాళ్ళు, అందరూ చేల మీద పడ్డారు. నేను ఇసకలో చతికిలబడి, ముక్కకి ముక్క అతికిస్తూ గుండ్రాలు పేర్చేను. పులుసు మరక ఇటు, పులుసు మరక అటు, ఈ అంచు ఆ అంచుకి సరిపోతుందా లేదా. గంటన్నర పట్టింది. ఇరవై ఎనిమిది గుండ్రాలు నిండేయి, ఇంకోటి సగమే. మీసాలాయన ముక్కలు అందిస్తూ మధ్యలో ఓసారి మెల్లిగా అన్నారు.

"మీ చెత్తకి వేరే గోనె తెప్పించమంటారా టీచరు గారూ? మాది నిండిపోయింది."

తెప్పించండి బాబూ అన్నాను.

ఒకటిన్నర ప్లేటు లోపలికెళ్ళిందండీ అని డాక్టరు గారికి చెప్పేను. ఆయన ఆశ్చర్యపోయేరు. ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పరమ్మా అన్నారు. అంత బాధలోనూ నా మనసు కొంచెం పొంగింది, అబద్ధం ఎందుకు! ఆయన నూనె పట్టించి, మందేదో వేసి, ఇంక నెమరు వెయ్యాలి, వేస్తే భయం లేదు, వెయ్యకపోతే తల్లికీ దూడకీ కూడా కష్టం అన్నారు.

ఇంక చూడండి మా అవస్థ. పొద్దు వాలుతోంది. ఒక్కరు కదిలితే ఒట్టు. గేదె ముందు ముప్ఫై మంది ఆడవాళ్ళం, వెనక పదిమంది మగవాళ్ళు, అందరి కళ్ళూ దాని దవడ మీదే. అది ఇబ్బందిగా అటు తిరిగింది. మేం లేచి అటు వెళ్ళి కూర్చున్నాం. మళ్ళీ ఇటు తిరిగింది. మళ్ళీ లేచేం. వీర్రాజు గారు మాత్రం దాని మెడ మీద చెయ్యేసుకుని కదలకుండా నిలబడ్డారు. నేను మొక్కని దేవుడు లేడు, అప్పనపల్లి వెంకన్నకైతే రెండుసార్లు మొక్కేను.

దవడ కదిలింది. ముందు ఓసారి, ఆగి మరోసారి, ఆ తరవాత ఆగకుండా. డాక్టరు గారు తలూపేరు. వీర్రాజు గారు దాని మెడ మీదే మొహం పెట్టుకుని ఏడ్చేసేరు. నేనూ భోరుమన్నాను. జీవితంలో ఎంతోమంది నమలడం చూసేను గానీ, అంత అందంగా నమిలినవాళ్ళని చూడలేదండి.

ఆ రోజు మేం పడవెక్కేటప్పటికి చేలో ఆవగింజంత తెల్లముక్క లేదు. చేసేం కాబట్టి చెప్పుకుంటున్నాను.

తరవాత వారం రోజులు నాకు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే పోలయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో పాలక్యాను. గేదె ఈనిందట, పెయ్యదూడట, రెండూ కులాసాగా ఉన్నాయట. జున్నుపాలు పంపేరు వీర్రాజు గారు! మా వీధిలో ముప్ఫై ఇళ్ళుంటే ఎవరింటికి వచ్చేయి? మా ఇంటికే. బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, వీధి వీధంతా పంచేను. ఎవరిచ్చేరండీ అని అడిగించుకుని మరీ పంచేను.

ఖాళీ క్యాను ఎవరిచేతో పంపడం మర్యాద కాదని మర్నాడు నేనే, భుజాన హ్యాండుబ్యాగు తగిలించుకుని, పట్టుకెళ్ళేను. మూడుసార్లు తోమేను, అద్దంలా మెరుస్తోంది. వీర్రాజు గారు రేవు దాకా ఎదురొచ్చి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టేరు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. క్యాను అందుకుని, ఎంతో మర్యాదగా అన్నారు.

"రండమ్మా, దూడని చూద్దురుగాని. ఆ హ్యాండుబ్యాగు మాత్రం పడవలో పెట్టి రండి."

పెట్టేనండి. చేతులు రెండూ ఆయనకి కనపడేలా ముందుకి చాపుకుని మరీ వెళ్ళేను. నవ్వితే నవ్వండి గానీ, మా వీధి మొత్తం మీద ఆ దూడని చూసొచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఆయ్!