అక్క గొంతు దాచిన డిస్కు

వీధిలో ఆమెను కత్తెరమ్మ అంటారు. పెళ్లి వీడియోల్లో అనవసరమైనవి కత్తిరించి, మిగిలినవాటిని పొందిగ్గా కూర్చడం ఆమె పని. ఆ పేరు విని చొక్కా గుడ్డ పట్టుకుని వచ్చినవాళ్లూ లేకపోలేదు.

ఆమె అక్క చాలా ఏళ్లు రేడియోలో పనిచేసింది. నాటకాలు, కథలు, వార్తలు, ఏది చదివినా వినాలనిపించే గొంతు. కిందటేడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస మాత్రమే మిగిలింది. వాళ్లింట్లో కంప్యూటర్ పాడైపోతే, ఆమె రికార్డింగులన్నీ ఉన్న హార్డ్ డిస్కును కాపీ తీసిపెట్టమని బావ తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

"దీన్ని నీ కంప్యూటర్‌కి ఎలా తగిలిస్తావమ్మా?"

"రెండు దారులున్నాయి బావా. మూత విప్పి లోపల స్క్రూలతో బిగిస్తే కరెంటు నేరుగా అందుతుంది, డిస్కు కదలదు. లేదా ఈ చిన్న డబ్బాలో పెట్టి యూఎస్‌బీ కేబుల్‌తో బయటినుంచే తగిలించొచ్చు. చిటికెలో పని. కాకపోతే కేబుల్ కదిలిందంటే తంటా."

"అయితే లోపలే పెట్టు. ఆలస్యమైతే కొంపలేం మునగవులే."

సరేనంది. కానీ ఆ కంప్యూటర్‌లో ఒక పెళ్లి వీడియో తయారవుతోంది. మూత విప్పడానికి దాన్ని ఆపితే సాయంత్రానికి అందదు. కాసేపటి కాపీకి ఇంత హంగామా ఎందుకని, బావ వెళ్లాక డిస్కును డబ్బాలో పెట్టి బల్ల అంచున ఉంచింది.

ఫోన్ మోగింది. ఆమె లేచిన విసురుకి కేబుల్ మోకాలికి చుట్టుకుంది. తిరుగుతున్న డిస్కు డబ్బాతో సహా నేలమీద పడింది. మళ్లీ తగిలిస్తే టకటకమంది తప్ప తెరుచుకోలేదు. అప్పుడు మూత విప్పి లోపల బిగించింది. అదే టకటక. పోయిన ఫైళ్లు రాబట్టే నిపుణుడు కూడా పెదవి విరిచాడు. "రికార్డింగులుండే లోపలి పళ్లెం గీసుకుపోయిందండీ. ఆశ వదులుకోండి."

అప్పటికి కాపీ అయినవి వాతావరణ సూచనలు మాత్రమే. వాటినే పట్టుకెళ్లి, జరిగిందంతా చెప్పి, అక్కకు వినిపించింది. 'తీరం వెంబడి బలమైన గాలులు వీచే అవకాశముంది' అంది అక్క పాత గొంతు. బావ 'ముందే చెప్పాను కదా' అంటాడనుకుంది. అతనేమో వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"ఏడవకే పిచ్చిదానా," అంది అక్క గుసగుసగా. "తుఫాను కబురైనా మిగిలింది. మీ బావని భయపెట్టడానికి అది చాలు."

నవ్వబోయి కత్తెరమ్మ భోరుమంది. ఆ తర్వాత అక్క ఆ ఊసే ఎత్తలేదు. కత్తెరమ్మ మాత్రం వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా, ఆ గుసగుసలో ఒక్క ముక్క కూడా పోకుండా, అక్కను ఆనుకునే కూర్చుంటోంది.